ఆటల కంప్యూటరును మీరే బిగించుకుంటే...

ఒక బండికి రెండు ఎడ్లు కట్టారనుకోండి. ఒకటి ఒంగోలు గిత్త. రెండోది వయసుడిగిన ఎద్దు. ఆ బండి ఏ ఎద్దు వేగంతో నడుస్తుంది? పల్లెలో పుట్టిన ఏ పిల్లవాణ్ణి అడిగినా తడుముకోకుండా చెబుతాడు, ముసలి ఎద్దు వేగంతోనే అని. గిత్త ఎంత ఉరకాలని చూసినా కాడి ఒక పక్కకు లాగుతుందే తప్ప బండి ముందుకు దూకదు.

ఆటలాడుకునే కంప్యూటరును విడి భాగాలు కొని స్వయంగా బిగించుకోవాలని ముచ్చటపడే విద్యార్థులు ఈ మధ్య చాలామంది కనిపిస్తున్నారు. పదో తరగతిలో మంచి మార్కులు వస్తే కొనిపెడతానని నాన్నగారు మాట ఇచ్చి ఉంటారు. లేదా పండగలకు తాతయ్య, మేనమామ చేతిలో పెట్టిన నోట్లు ఒక్కొక్కటే కూడబెట్టి ఉంటారు. దుకాణంలో రాసిచ్చిన ధరల కాగితం పట్టుకొని "ఇది కొనవచ్చా మాస్టారూ?" అని నా దగ్గరకు వచ్చేవారూ ఉన్నారు. ఆ కాగితాల్లో నాకు తరచుగా కనిపించేది పైన చెప్పిన బండే! ప్రాసెసరు చూస్తే చాలా ఖరీదైనది. గ్రాఫిక్స్ కార్డు నాసిరకం. పవర్ సప్లయి ఊరూ పేరూ లేనిది. రంగురంగుల దీపాలు మాత్రం తప్పకుండా ఉంటాయి. ఇంట్లోవాళ్ళు మళ్ళీ అయిదారేళ్ళ దాకా ఇవ్వలేని డబ్బు అది. కాబట్టి ఏ భాగం ఏ పని చేస్తుందో, ఏది దేనికి జోడో తెలుసుకున్నాకే దుకాణం మెట్లు ఎక్కడం మంచిది.

ఒక్క బొమ్మ వెనుక ఎంత పని!

సినిమా తెర మీద సెకండుకు 24 బొమ్మలు మారుతుంటే మన కంటికి అవి కదులుతున్నట్లు కనిపిస్తాయని మీకు తెలుసు. కంప్యూటరు ఆటలో కదలిక సాఫీగా ఉండాలంటే సెకండుకు 60 బొమ్మలైనా ఉండాలి. వీటినే ఫ్రేములు అంటారు. అయితే సినిమాకూ ఆటకూ పెద్ద తేడా ఒకటుంది. సినిమాలో బొమ్మలన్నీ ముందే తీసి పెట్టినవి. ఆటలో అలా కాదు. మీరు ఏ మీట నొక్కుతారో, ఎటు తిరుగుతారో యంత్రానికి ముందుగా తెలియదు. కనుక ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు తయారు చేయాలి. సెకండును 60 భాగాలు చేస్తే ఒక్కో బొమ్మకు దక్కే కాలం 16.7 మిల్లీసెకండ్లు. మీరు కనురెప్ప ఒక్కసారి ఆర్పేలోగా ఇలాంటి బొమ్మలు అయిదారయినా గడిచిపోతాయి.

ఆ కాస్త వ్యవధిలో రెండు రకాల పనులు జరగాలి. సంక్రాంతికి ఊరంతటికీ ఒకే పెద్ద ముగ్గు వేస్తున్నారని ఊహించండి. చుక్కలు ఎన్ని పెట్టాలి, ఏ చుక్కను దేనితో కలపాలి, పువ్వు ఎక్కడ, చిలక ఎక్కడ అని నిర్ణయించేందుకు ముగ్గుల్లో ఆరితేరిన అమ్మమ్మలు నలుగురైదుగురు చాలు. కాని రంగులు నింపడానికి? అక్కడ నేర్పు కన్నా చేతులు ఎక్కువ కావాలి. బడిపిల్లలు వెయ్యిమంది వచ్చి, ఒక్కొక్కరు ఒక్కో గడి నింపితే పని క్షణాల్లో అయిపోతుంది.

కంప్యూటరులో అమ్మమ్మల పని చేసేది ప్రాసెసరు. బంతి గోడకు తగిలిందా, తగిలితే ఏ కోణంలో తిరిగి వస్తుంది, ఎదుటి ఆటగాడు ఎక్కడున్నాడు, కారు చక్రం జారుతుందా అనే లెక్కలన్నీ దానివి. ఒకదాని ఫలితం తెలిస్తేగాని ఇంకొకటి చేయలేని లెక్కలు ఇందులో ఎక్కువ. అందుకే ఇక్కడ చేతులు కొద్దిగానే ఉన్నా అవి చాలా చురుగ్గా ఉండాలి. ఉదాహరణకు 2022లో వచ్చిన రైజెన్ 5 5600 అనే ప్రాసెసరులో అలాంటి కోర్లు ఆరు. వాటి లోపలి గడియారం గరిష్ఠంగా 4.4 గిగాహెర్ట్జ్, అంటే సెకండుకు 440 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ఒక దెబ్బకూ తరువాతి దెబ్బకూ మధ్య కాలంలో కాంతి సైతం ఏడు సెంటీమీటర్లు పోలేదు!

బడిపిల్లల పని చేసేది గ్రాఫిక్స్ కార్డు. మామూలు మానిటరు మీద అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. గుణించి చూడండి: 20,73,600. ప్రతి చుక్కకూ రంగు నిర్ణయించాలి. వెలుతురు ఎటు నుంచి పడుతోంది, నీడ ఉందా, నీళ్ళలో ప్రతిబింబం ఉందా అని చూడాలి. ఇదంతా సెకండుకు 60 సార్లు, అంటే 12 కోట్ల 44 లక్షల చుక్కలకు జరగాలి. ఒక చుక్క లెక్కకు పక్క చుక్క లెక్కతో చాలావరకు సంబంధం లేదు కాబట్టి వేలాది చిన్న గణన విభాగాలు ఒకేసారి పనిచేయగలవు. 2021లో వచ్చిన ఆర్ఎక్స్ 6600 కార్డులో అలాంటివి 1,792 ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ప్రాసెసరు ఒక బొమ్మకు పథకం వేసి కార్డుకు అందిస్తుంది. కార్డు దానికి రంగులు వేస్తుండగా ప్రాసెసరు ఖాళీగా కూర్చోదు. తరువాతి బొమ్మ పథకం మొదలుపెడుతుంది. కాబట్టి ఒక్కో బొమ్మకు పట్టే కాలం ఈ రెండింటి మొత్తం కాదు. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఈ ఒక్క ముక్క బాగా పట్టుకుంటే మిగిలినదంతా కూడికలూ తీసివేతలే.

ఒక ఆటలో ప్రాసెసరుకు బొమ్మకు 8 మిల్లీసెకండ్లు, కార్డుకు 25 మిల్లీసెకండ్లు పడుతున్నాయనుకుందాం. 1,000ని 25తో భాగిస్తే 40. సెకండుకు 40 బొమ్మలే వస్తాయి, ఆట కుంటుతున్నట్లు ఉంటుంది. మీరు డబ్బు పోసి, 4 మిల్లీసెకండ్లలో పని ముగించే ప్రాసెసరు తెచ్చారు. ఎన్ని బొమ్మలొస్తాయి? మళ్ళీ 40! ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. అదే డబ్బుతో పని సగం కాలంలో, అంటే 12.5 మిల్లీసెకండ్లలో, చేసే కార్డు తెచ్చి ఉంటే 80 బొమ్మలు వచ్చేవి. పోనీ 5 మిల్లీసెకండ్ల కార్డు తెస్తే 200 వస్తాయా? రావు. ఇప్పుడు ప్రాసెసరు 8 మిల్లీసెకండ్ల దగ్గర వెనుకబడుతుంది. 125 దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ముసలి ఎద్దు అదన్నమాట.

ఇంతా చేసి మీ మానిటరు 60 హెర్ట్జ్‌ది అయితే, అది సెకండుకు 60 సార్లే తన బొమ్మను మారుస్తుంది. 125 తయారైనా మీరు చూడగలిగేది 60.

ముందు తెర, తరువాతే తక్కినవి

అందుచేత నా సలహా దుకాణాల పద్ధతికి తలకిందులుగా ఉంటుంది. దుకాణంలో ప్రాసెసరుతో మొదలుపెడతారు. మీరు మానిటరుతో మొదలుపెట్టండి. ఏ ఆట ఆడతారు, ఎంత తెర మీద ఆడతారు అన్నది ముందు తేలాలి.

ఎందుకంటే తెర మారితే జోడు మారిపోతుంది. 2,560 × 1,440 తెరకు సుమారు 37 లక్షల చుక్కలు. ఫోర్‌కే అని పిలిచే 3,840 × 2,160 తెరకు 82,94,400, అంటే మామూలు తెరకు సరిగ్గా నాలుగు రెట్లు. కార్డు పని ఆ మేరకు పెరుగుతూ పోతుంది. ప్రాసెసరు పని మాత్రం పెద్దగా పెరగదు. తెర చిన్నదైనా పెద్దదైనా బంతి ఒక్కటే కదా! మామూలు తెర మీద చక్కగా కుదిరిన జోడే ఫోర్‌కే తెర ముందు చతికిలబడుతుంది. మొదటిసారి బిగించుకునేవారికి 1,920 × 1,080 తెర చాలునని నా అభిప్రాయం. పొదుపు ఒక కారణం. చేతికి రెండడుగుల దూరంలో ఉండే 24 అంగుళాల తెర మీద అంతకన్నా సన్నని చుక్కలు తెచ్చే లాభం కన్నా, ఆట సాఫీగా సాగడం వల్ల కలిగే లాభమే ఎక్కువన్నది రెండో కారణం.

ఆటలు కూడా ఒక్క తీరువి కావు. 2020లో వచ్చిన వాలొరెంట్ వంటి పోటీ ఆటల్లో దృశ్యం సాదాగా ఉంటుంది. కార్డుకు శ్రమ తక్కువ, ఎక్కువ బొమ్మలు కావాలి, కాబట్టి భారం ప్రాసెసరు మీదకు జరుగుతుంది. అడవులూ నదులూ నగరాలూ కళ్ళకు కట్టే పెద్ద సాహస ఆటల్లో బరువంతా కార్డు మీదే. రెండు రకాలూ ఆడేవారికి నా అందాజు లెక్క ఇది: మానిటరు, కీబోర్డు, మౌసు ఖర్చు పక్కన పెట్టి, పెట్టెలోపలి భాగాలకు ఉన్న డబ్బులో అయిదింట రెండు వంతులు కార్డుకు, అయిదింట ఒక వంతు ప్రాసెసరుకు, మిగిలిన రెండు వంతులు తక్కిన అన్నింటికీ. ఇది వేదం కాదు. అటూ ఇటూ కాస్త జరపవచ్చు. కాని ప్రాసెసరు వాటా కార్డు వాటాను మించిందంటే మాత్రం ఒకసారి ఆగి ఆలోచించండి.

కార్డులను పోల్చేటప్పుడు ఒక్క అంకె చూసి మోసపోకండి. ఆర్‌టీఎక్స్ 3060 కార్డులో గణన విభాగాలు 3,584. దాని తరువాతి తరానికి చెందిన ఆర్‌టీఎక్స్ 4060లో 3,072 మాత్రమే. అయినా చాలా ఆటల్లో రెండోదే ముందుంటుంది! మొదటిదాని గడియారం సుమారు 1.78 గిగాహెర్ట్జ్, రెండోదానిది సుమారు 2.46 అని తెలిస్తే రహస్యం విడిపోతుంది. రెండింటినీ గుణించి చూడండి. పైగా మొదటిది 170 వాట్లు, రెండోది 115 వాట్లు తీసుకుంటుంది. అయితే మొదటిదానికి సొంత మెమరీ 12 గిగాబైట్లు, రెండోదానికి 8. దృశ్యానికి కావలసిన బొమ్మల సామగ్రి ఆ మెమరీలో పట్టకపోతే కార్డు మాటిమాటికీ మదరుబోర్డు మీది మెమరీ దగ్గరకు పరుగెత్తాలి; ఆట గుక్కతిప్పుకోలేక ఆగి ఆగి నడుస్తుంది. 8 గిగాబైట్లకు తగ్గిన కొత్త కార్డు కొనవద్దు.

ప్రాసెసరు పేరు చివర ఉండే అక్షరాన్ని కూడా చూడండి. ఇంటెల్ కంపెనీ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ ఉంటే అందులో తెరకు బొమ్మ పంపే విభాగం లేదని అర్థం. విడిగా కార్డు లేకుండా దాన్ని కొంటే తెర నల్లగానే ఉండిపోతుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జీ, 8600జీ వంటి వాటిలో ఆ విభాగం కాస్త బలంగానే ఉంటుంది. డబ్బు ఒక్కసారిగా సమకూరని వారికి ఇది మంచి దారి. ఈ ఏడు అలాంటి ప్రాసెసరుతో బండి కదిలించి, తేలికైన ఆటలు ఆడుకుంటూ, వచ్చే ఏడు కార్డు కొని తగిలించవచ్చు. దిగువ మధ్యతరగతి ఇళ్ళకు నేను ఈ దారినే సూచిస్తూ ఉంటాను.

మదరుబోర్డు గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. అది వేగం పెంచదు, అన్నింటినీ కలుపుతుంది. చూడవలసింది ప్రాసెసరు దాని గూటిలో కూర్చుంటుందా అన్నదే. రైజెన్ 5000 తరగతికి ఏఎం4 గూడు. 2022లో వచ్చిన ఏఎం5 గూటికి 1,718 స్పర్శ బిందువులు, పాతదానికి 1,331. ఒకదానిది ఇంకొకదానిలో పట్టదు. బలవంతం చేస్తే వెంట్రుకల్లాంటి ఆ సూదులు వంగి, కొత్త వస్తువు చెత్తబుట్ట పాలవుతుంది. మెమరీ పలకలూ అంతే. డీడీఆర్4, డీడీఆర్5 పలకలకు గాటు వేరువేరు చోట్ల ఉంటుంది. ఏది పడుతుందో బోర్డు పెట్టె మీదే రాసి ఉంటుంది.

ఒక కాలువకు రెండు కాలువలు

మెమరీ విషయంలో పైసా ఖర్చు లేకుండా లాభం పొందే ఉపాయం ఒకటుంది. 16 గిగాబైట్ల పలక ఒకటి కొనేకన్నా 8 గిగాబైట్లవి రెండు కొనండి. ఎందుకో లెక్క వేద్దాం. డీడీఆర్4-3200 అనే పలక సెకండుకు 320 కోట్ల సార్లు, ఒక్కోసారికి 8 బైట్ల చొప్పున సమాచారం అందించగలదు. అంటే సెకండుకు 25.6 గిగాబైట్లు. రెండు పలకలు సరైన గూళ్ళలో పెడితే ప్రాసెసరుకు రెండు కాలువలు తవ్వినట్లు, 51.2 గిగాబైట్లు పారుతాయి. చెరువు అదే, నీళ్ళూ అవే, తూములు రెండయ్యాయి. బోర్డు మీద నాలుగు గూళ్ళుంటే సాధారణంగా ప్రాసెసరు వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. బోర్డుతో వచ్చే చిన్న పుస్తకంలో బొమ్మ గీసి ఉంటుంది. పైన చెప్పిన జీ అక్షరం ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ మెమరీ లేదు, ఈ కాలువ నీళ్ళే వాడుకోవాలి. అలాంటి యంత్రంలో ఒంటి పలక పెట్టడం శుద్ధ దండగ.

ఇంకో సంగతి. కొత్తగా పెట్టిన పలక చాలా బోర్డుల్లో తన పూర్తి వేగంతో మొదలుకాదు. 3200 అని రాసి ఉన్నా 2133తోనో 2400తోనో నడుస్తూ ఉంటుంది. యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే అమరికల పుటలో ఎక్స్ఎంపీ అనే అమరికను ఎంచుకుంటే దాని అసలు వేగానికి వస్తుంది. ఏళ్ళ తరబడి దీన్ని ముట్టుకోనివారు ఉన్నారు!

సమాచారం దాచే డిస్కుకు ఎస్‌ఎస్‌డీయే వాడండి. పాతరకం హార్డ్ డిస్కు నిమిషానికి 7,200 సార్లు, అంటే సెకండుకు 120 సార్లు తిరుగుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకండ్ల పైచిలుకు ఎదురుచూడాలి. ముల్లు జరగడానికి పట్టే కాలం అదనం. మన బొమ్మకున్న గడువే 16.7 కదా! ఎస్‌ఎస్‌డీలో తిరిగే చక్రమే లేదు.

పొదుపు పనికిరాని చోటు

ఇప్పుడు అందరూ చివర్లో, మిగిలిన చిల్లరతో కొనే భాగం దగ్గరకు వచ్చాం. గోడలోని 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి ఇచ్చే పెట్టెను మన దగ్గర ఎస్ఎంపీఎస్ అంటారు. ఆటలో ఇది ఒక్క బొమ్మను కూడా పెంచదు. అందుకే దీని మీద ఎవరికీ గౌరవం లేదు. కాని మిగిలిన భాగాలన్నింటి ప్రాణమూ దీని చేతిలో ఉంది.

మీ పాఠంలోని సూత్రమే తీసుకోండి: సామర్థ్యం అంటే వోల్టేజి, విద్యుత్ ప్రవాహం ఈ రెండింటి లబ్ధం. రైజెన్ 5 5600 బాగా శ్రమించేటప్పుడు సుమారు 88 వాట్లు తీసుకోగలదు. ఆర్ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు. బోర్డు, మెమరీ, ఫ్యాన్లు, డిస్కు కలిపి మరో 50 వేసుకోండి. మొత్తం 270 వాట్లు. దీన్ని 12 వోల్టులతో భాగిస్తే 22.5 ఆంపియర్లు! మీ ఇంట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె తీసుకునేది నాలుగున్నర ఆంపియర్ల లోపే. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జౌల్ నియమం చెబుతోంది. ప్రవాహం అయిదు రెట్లయితే, అదే తీగలో వేడి ఇరవై అయిదు రెట్లు. సన్నని తీగలు, పలుచని రేకులు వాడిన చౌక పెట్టె వేసవి మధ్యాహ్నం ఎందుకు మాడు వాసన వేస్తుందో ఇప్పుడు అర్థమైంది కదా? పోయేటప్పుడు అది ఒంటరిగా పోకపోవచ్చు. వోల్టేజి అదుపు తప్పితే బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోతుంది. మా దగ్గర చదువుకొని వెళ్ళిన ఒక కుర్రవాడి యంత్రంలో అదే జరిగింది. వెయ్యి రూపాయలు మిగుల్చుకోబోయి కార్డు పోగొట్టుకున్నాడు.

కాబట్టి పెట్టె మీది కాగితం చదవండి. "500 వాట్లు" అనే పెద్ద అక్షరాలు కాదు, 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. 500 వాట్లని చెప్పుకునే పెట్టె ఆ గడిలో 18 ఆంపియర్లే చూపిస్తే, మీ ఆటకు అది ఇవ్వగలిగేది 216 వాట్లు మాత్రమే. మంచి తయారీదారుల పెట్టెల్లో దాదాపు సామర్థ్యమంతా 12 వోల్టుల గడిలోనే ఉంటుంది. 80 ప్లస్ అనే గుర్తు ఉందా అని కూడా చూడండి. గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో కనీసం 80 శాతం లోపలికి అందుతుందని ఆ గుర్తుకు అర్థం; తక్కినది వేడిగా పోతుంది. పై లెక్కలోని యంత్రానికి 450 నుంచి 550 వాట్ల మంచి పెట్టె సరిపోతుంది. కార్డు అవసరం క్షణకాలం పాటు ఎగిరిపడుతూ ఉంటుంది కనుక ఆ మిగులు అవసరమే. 850 వాట్లది కొనడం కూడా డబ్బు వృథాయే.

రెండు జాగ్రత్తలు. ఎస్ఎంపీఎస్‌ను ఏ పరిస్థితిలోనూ విప్పకండి. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు శిఖరం 325 వోల్టులు; లోపలి కెపాసిటర్లలో ఆ మేరకు ఆవేశం ప్లగ్గు పీకిన తరువాత కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. ఇక ఎర్తు. కంప్యూటరు పెట్టెను ముట్టుకుంటే చేతికి చిమచిమలాడుతోందని కొందరు చెబుతుంటారు. ఎస్ఎంపీఎస్‌లో విద్యుత్ గోలను వడగట్టడానికి రెండు చిన్న కెపాసిటర్లను లోహపు పెట్టెకు కలుపుతారు. పెట్టె ఎర్తుకు కలిసి ఉంటే ఏ బాధా లేదు. గోడలో మూడో రంధ్రం ఉండి దాని వెనుక తీగ లేకపోతే, పెట్టె సుమారు 115 వోల్టుల వద్ద నిలుస్తుంది. ప్రవాహం అతి స్వల్పం కనుక చిమచిమతో సరిపోతుంది. కాని ఎప్పుడైనా లోపల తీగ ఊడి పెట్టెకు తగిలిందంటే మిమ్మల్ని కాపాడేది ఆ మూడో తీగ ఒక్కటే. దీపాల పెట్టె కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తు వేయించండి.

రెంటచింతల ఎండలో

ప్రాసెసరు మీద కూర్చునే లోహపు రెక్కలు, ఫ్యాను దాన్ని చల్లబరుస్తాయంటాం. నిజానికి అవి అదుపులో ఉంచగలిగేది ఉష్ణోగ్రతను కాదు, గదికీ ప్రాసెసరుకూ మధ్య తేడాను. ఒక శీతలకం ఆట జోరులో ఆ తేడాను 45 డిగ్రీల దగ్గర ఆపగలదనుకుందాం. గది 25 డిగ్రీలుంటే ప్రాసెసరు 70 దగ్గర ఉంటుంది, చాలా బాగు. అదే యంత్రం మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 44 డిగ్రీల గదిలో ఉంటే? 89! రైజెన్ 5 5600కు గరిష్ఠ పరిమితి 90 డిగ్రీలు. అది దాటబోతే ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి గడియారాన్ని నెమ్మది చేసుకుంటుంది. ఆట మళ్ళీ కుంటుతుంది. చలిదేశాల వాళ్ళు పరీక్షించి "ఈ ఫ్యాను చాలు" అని చెప్పిన మాటను మన వేసవికి అలాగే వర్తింపజేయకూడదని దీన్నిబట్టి తెలుస్తోంది.

పెట్టె ముందు భాగం అద్దంతో మూసి ఉన్నది అందంగా ఉంటుంది, ఊపిరాడదు. జల్లెడలా రంధ్రాలున్న ముందు భాగం, ముందు నుంచి గాలి లాగే ఫ్యాను, వెనుక నుంచి తోసే ఫ్యాను ఉన్నది వెతకండి. మన ఊళ్ళ దుమ్ముకు నెలకొకసారి బ్రష్షుతో దులపాలి. ప్రాసెసరుకూ రెక్కలకూ మధ్య పూసే ముద్ద సంగతి: గాలి ఉష్ణవాహకత 0.026, రాగిది సుమారు 400. కంటికి నునుపుగా కనిపించే లోహాల నడుమ చిక్కిన గాలిపొరే పెద్ద అడ్డం. ఆ ముద్ద గాలిని తోసేసి చోటు నింపుతుంది. శనగగింజంత చాలు.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

ధరలు నేను రాయలేదు. కావాలనే రాయలేదు. 2020 నుంచి 2022 వరకు క్రిప్టో నాణేల తవ్వకందార్లు కార్డులన్నీ ఎగరేసుకుపోయి ధరలు ఆకాశానికంటాయి. 2022 సెప్టెంబరులో ఇథీరియం తన పద్ధతి మార్చుకోగానే ఆ పాత కార్డులు గుట్టలుగా అంగళ్ళకు వచ్చాయి. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల మెమరీ పలకల ధరలు బాగా పెరిగాయి. అందుకని కొనే వారంలో రెండు మూడు చోట్ల ధర అడగండి. సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట ఒకే భవనంలో పది దుకాణాలు తిరగవచ్చు. పాత కార్డు కొనడం తప్పేమీ కాదు, కాని మీ కళ్ళముందు అరగంట పాటు ఆట నడిపించి చూపించమనండి. బిల్లు లేకుండా ఏదీ తీసుకోవద్దు. వారంటీకి ఆధారం ఆ కాగితమే.

బిగించే ముందు పెట్టె లోహాన్ని ఒకసారి తాకండి. ఒంటి మీది స్థిర విద్యుదావేశం దిగిపోతుంది. అంతా అయ్యాక మానిటరు తీగను వెనుక ఎక్కడ గుచ్చారో చూసుకోండి. బోర్డుకు ఒక రంధ్రం, కార్డుకు ఒక రంధ్రం ఉంటాయి. ఖరీదైన కార్డు కొని తీగను బోర్డుకు గుచ్చి, "ఆట నడవడం లేదు" అని దిగులుపడేవారి సంఖ్య మీరు అనుకునేంత తక్కువేమీ కాదు సుమా! కొత్త మానిటరు 144 హెర్ట్జ్‌ది అయినా 60 దగ్గరే మొదలుకావచ్చు, అమరికల్లో మార్చుకోవాలి.

ఆ తరువాత మీకు నచ్చిన ఆటను అరగంట ఆడి, కార్డు ఎంత శాతం పని చేస్తోందో చూపే అంకెను గమనించండి. ఆ సౌకర్యం కార్డు సాఫ్ట్‌వేరులోనే ఉంటుంది. ఆట వేగానికి మీరు ఏ పరిమితీ పెట్టనప్పుడు అది 95 శాతానికి పైన ఉంటే బరువంతా కార్డు మీదే ఉంది. కొన్నేళ్ళకు ఆట కుంటడం మొదలైతే మార్చవలసింది కార్డునే. 60, 65 శాతం దగ్గర తిరుగుతుంటే కార్డు ఎదురుచూస్తోందని, ప్రాసెసరు గాని మెమరీ గాని వెనుకబడిందని అర్థం. ముందు ఆ ఎక్స్ఎంపీ అమరిక పెట్టారో లేదో చూడండి. అది పెట్టి, పలకలు రెండూ సరైన గూళ్ళలోనే ఉన్నా అంకె పెరగకపోతే, అప్పుడు ప్రాసెసరు గురించి ఆలోచించండి.